బొమ్మ కన్నా దిమ్మె చెప్పేదే ఎక్కువ

విగ్రహం ఎవరిదో ఊళ్లో ఏ పిల్లాడిని అడిగినా చెబుతాడు. దాన్ని చేసిందెవరు, డబ్బు పెట్టిందెవరు, అది నిలబడ్డ జాగా పంచాయతీదా, ఆర్ అండ్ బీదా, ఎవరైనా రాసిచ్చిందా అని అడిగితే మాత్రం సర్పంచి కూడా తల గోక్కుంటాడు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వీధి విగ్రహాలకు ఒక జాబితా ఉండాలనే మాట వచ్చినప్పుడల్లా, ఫొటోలు తీసి మ్యాపులో చుక్కలు పెడితే పని అయిపోతుందని అనుకుంటారు. ఆ పనిలో తేలికైన భాగం అదే. అసలు సమాచారం విగ్రహం కాళ్ల కింద ఉంటుంది: దిమ్మె మీద, దానికి అతికించిన శిలాఫలకం మీద, ఆ దిమ్మె కట్టించిన కమిటీ పెద్దల జ్ఞాపకాల్లో. అన్నిటికంటే ముందు చెరిగిపోయేదీ అదే.

ఇలాంటి పని వేరే దేశాల్లో జరిగింది. అమెరికాలో 1989లో మొదలైన 'సేవ్ అవుట్‌డోర్ స్కల్ప్చర్' కార్యక్రమం 30 వేలకు పైచిలుకు బహిరంగ శిల్పాలను నమోదు చేసింది. బ్రిటన్‌లో ఆర్ట్ యూకే అనే సంస్థ 13 వేలకు పైగా వీధి శిల్పాలను ఫొటోలతో సహా అందరికీ అందుబాటులో పెట్టింది. రెండు చోట్లా ఊరూరా తిరిగింది ఎక్కువగా వాలంటీర్లే. మన దేశంలో పాత శిల్పాల లెక్కకు ఒక దారి ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన శిల్పం పురావస్తువు అవుతుంది. కట్టడాలు, పురావస్తువుల వివరాలు ఒకచోట చేర్చడానికి 2007లో కేంద్రం ఒక జాతీయ మిషన్ కూడా పెట్టింది. కాబట్టి శాలిహుండం కొండ మీద దొరికిన తార, మారీచి శిల్పాలకు మ్యూజియం ఉంది, శ్రీముఖలింగం గోడల మీది శిల్పాలకు పురావస్తు శాఖ బోర్డు ఉంది. ఎటొచ్చీ చిక్కంతా మన తాతల కాలం నుంచి నిన్నమొన్నటి దాకా లేచిన వాటితోనే. వందేళ్లు నిండేదాకా వాటిని చట్టం పురావస్తువుగా చూడదు. అవి నిండేదాకా రోడ్డు వెడల్పు పనులు ఆగవు.

ముందుగా తేల్చుకోవాల్సింది, ఏవి లెక్కలోకి వస్తాయన్నది. పూజలో ఉన్న దేవుడి విగ్రహాలను పక్కన పెట్టడమే మంచిది. వాటికి దేవాదాయ శాఖ ఉంది, ఆగమాలు ఉన్నాయి, గొడవలు కూడా వేరే రకం. మ్యూజియం వస్తువులూ అంతే. మిగిలిన వాటిలో మనిషి రూపం ఉన్నవే తీసుకుంటామంటే మాత్రం ఉత్తరాంధ్ర చరిత్రలో సగం జారిపోతుంది. ఇక్కడి జ్ఞాపకం బొమ్మల్లో ఎంత ఉందో, స్థూపాల్లో, స్తంభాల్లో అంతే ఉంది. బొబ్బిలి సంగతే చూడండి. 1757 జనవరి 24 నాటి యుద్ధానికి గుర్తుగా 1891లో నిలిపిన స్తంభం మీద ఏ మనిషి రూపమూ లేదు. అయినా ఆ ఊరికి అంతకు మించిన స్మారకం ఏముంది? మందస జమీందారీ రైతుల పోరాటంలో 1940 ఏప్రిల్ 1న పోలీసు కాల్పుల్లో చనిపోయిన సాసుమాన గున్నమ్మకు గుడారి రాజమణిపురంలో స్మారకం ఉంది. ఉద్దానం పల్లెల్లో శ్రీకాకుళ సాయుధ పోరాట కాలపు అమరుల స్థూపాలున్నాయి, బొడ్డపాడులో వాళ్ల స్మారక మందిరమే ఉంది. విజయనగరంలో 1885లో కట్టిన గంటస్తంభం గడియారమే కావొచ్చు, కానీ ఊరు దాని చుట్టూ పెరిగింది. వీటన్నిటినీ కలుపుకుని 'బహిరంగ స్మారకాలు' అని ఒకే పుస్తకంలో రాసి, రకం అనే గడిలో విగ్రహం, అర్ధవిగ్రహం, స్థూపం, స్తంభం అని విడదీస్తే సరిపోతుంది.

ఇక దిమ్మె దగ్గరికి వద్దాం. పల్లెటూరి కూడలిలో ఒక మామూలు విగ్రహం కింద ఏముంటుందో చూస్తే పని స్వభావం తెలుస్తుంది. ఇటుకతో కట్టి సిమెంటు పూసిన నాలుగు పలకల దిమ్మె. దానికి కొత్తగా అంటించిన బాత్‌రూమ్ టైల్స్. ముందువైపు నల్ల గ్రానైటు పలక, అందులో బంగారు రంగు అక్షరాలు. పైన మహనీయుడి పేరు, పుట్టిన, పోయిన తేదీలు. దాని కింద కాస్త పెద్ద అక్షరాల్లో 'ఆవిష్కర్త: గౌరవనీయులు శ్రీ ఫలానా, శాసనసభ్యులు'. ఆ తర్వాత సభాధ్యక్షులు, ముఖ్య అతిథులు, విశిష్ట అతిథులు, విగ్రహ దాత, స్థల దాత, కమిటీ అధ్యక్ష కార్యదర్శులు, యువజన సంఘం. అందరికన్నా చిన్న అక్షరాల్లో అడుగున తేదీ. శిల్పి పేరు చాలాసార్లు ఉండదు. ఉంటే పలక వెనకాల, లేదా విగ్రహం పాదం పక్కన తడి సిమెంటు మీద పుల్లతో గీసినట్టు ఉంటుంది, ఊరి పేరుతో సహా. ఆ గీతను మరో రెండు పూతల పెయింటు కప్పేసిందంటే ఆ శిల్పి చరిత్రలో లేనట్టే.

తేదీ కనిపించకపోతే? ఎక్కువ పలకల్లో అదే జరుగుతుంది. అడుగున ఉంటుంది కాబట్టి వాన నీళ్లు, టైల్స్ పని, దండలు కట్టే తీగలు ముందు దాన్నే తింటాయి. అయితే తేదీ పోయినా పదవులు మిగులుతాయి. ఈ రెండు జిల్లాల్లో పదవుల పేర్లు, ఊళ్ల పేర్లు కాలాన్ని చక్కగా పట్టిస్తాయి, ఎందుకంటే ఇక్కడి హద్దులు పదే పదే మారాయి. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుంచి విడివడింది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న పుట్టింది, కొంత విశాఖ నుంచి, కొంత శ్రీకాకుళం నుంచి. అంచేత బొబ్బిలిలోనో సాలూరులోనో ఒక పలక మీద 'శ్రీకాకుళం జిల్లా' అని ఉంటే అది రాతకోత తప్పు కాదు. ఆ పలక 1979కి ముందుది. విజయనగరం ఊళ్లో 'విశాఖపట్నం జిల్లా' అని కనిపించినా అదే లెక్క.

తాలూకా అని, పంచాయతీ సమితి అధ్యక్షులు అని ఉంటే 1980ల మధ్య దాకా వెళ్లాలి. మండలాలు 1985లో వచ్చాయి కాబట్టి 'మండలాధ్యక్షులు' అని ఉన్నది తప్పకుండా ఆ తర్వాతిదే. నియోజకవర్గాలు ఇంకా బాగా పనికొస్తాయి. హరిశ్చంద్రపురం, సోంపేట, ఉణుకూరు, భోగాపురం, సతివాడ, తెర్లాం, ఉత్తరాపల్లి, నాగూరు అనే అసెంబ్లీ స్థానాలు 2009 ఎన్నికల నాటికి మాయమయ్యాయి. పలాస, రాజాం, నెల్లిమర్ల, కురుపాం అప్పుడే వచ్చాయి. 'సోంపేట శాసనసభ్యులు' ఆవిష్కరించిన విగ్రహం 2009కి ముందుది, 'పలాస శాసనసభ్యులు' ఆవిష్కరించింది ఆ తర్వాతిది. బొబ్బిలి పార్లమెంటు స్థానం కూడా అప్పుడే పోయి విజయనగరం స్థానం వచ్చింది. శ్రీకాకుళం ఎంపీగా ఎర్రన్నాయుడు పేరుంటే 1996కీ 2009కీ నడుమ అని ఖాయంగా రాసుకోవచ్చు. మొన్నటికి మొన్న 2022 ఏప్రిల్ 4న మళ్లీ జిల్లాలు చీలాయి. రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. రాజాం పలకల్లో 'శ్రీకాకుళం జిల్లా' అని ఉన్నవన్నీ ఇంకో తరం గడిస్తే ఇలాంటి ఆనవాళ్లే అవుతాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. విగ్రహాలు ఎక్కువగా జయంతి రోజునో వర్ధంతి రోజునో ఆవిష్కరిస్తారు. ఏప్రిల్ 14 (అంబేడ్కర్ జయంతి), మే 28 (ఎన్టీఆర్), జూలై 8 (రాజశేఖరరెడ్డి), సెప్టెంబరు 21 (గురజాడ) లాంటి తేదీలు పలకల మీద పదే పదే కనబడతాయి. సంవత్సరం చెరిగి రోజు, నెల మాత్రమే మిగిలితే అది ఆవిష్కరణ తేదీయా, పుట్టినరోజా అన్న అనుమానం వస్తుంది. పైగా శంకుస్థాపన పలక ఒకటి, ఆవిష్కరణ పలక ఒకటి, 'నూతన హంగులతో పునఃప్రతిష్ఠ' పలక ఒకటి ఒకే దిమ్మెకు ఉండే ఊళ్లూ ఉన్నాయి. జాబితాలో 'తేదీ' అని ఒకే గడి పెడితే రాసేవాడు తనకు నచ్చినది రాసేస్తాడు. పలక మీద ఉన్న పాఠాన్ని తప్పులతో సహా ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో ఎక్కించాలి. దాన్ని బట్టి ఊహించిన కాలాన్ని వేరే గడిలో, ఎందుకలా అనుకున్నామో ఒక ముక్కతో రాయాలి. ఈ రెండింటినీ కలిపేసిన జాబితాను తర్వాతివాళ్లు నమ్మలేరు.

అరిగిపోయిన అక్షరాలు చదవడానికి చాక్‌పీసు రుద్దడం, పసుపు పూయడం మనవాళ్లకు అలవాటు. రాయి గరుకుగా ఉంటే ఆ పొడి అందులోనే ఉండిపోతుంది, మానేయాలి. సాయంత్రం ఏటవాలు ఎండలో, లేదా చీకటి పడ్డాక టార్చిని పలక పక్క నుంచి వేసి ఫొటో తీస్తే కంటికి కనిపించని అక్షరాలు కూడా నీడలతో తేలతాయి. ఖర్చు లేని పని.

దేంతో చేశారన్నది రెండో పెద్ద తలనొప్పి. బంగారు రంగో, కంచు రంగో పూస్తే దూరానికి అన్నీ ఒకేలా ఉంటాయి. పత్రికా వార్తల్లో 'కాంస్య విగ్రహం' అని రాసేసినవాటిలో ఫైబరువీ ఉంటాయి, సిమెంటువీ ఉంటాయి. పరీక్ష మాత్రం సులువే. వేలి కణుపుతో తట్టి చూడండి. ఫైబరు డొల్లగా, మెత్తగా పలుకుతుంది, కంచు మోగుతుంది, సిమెంటు అసలు పలకదు. పెయింటు లేచిన చోట చూస్తే ఇంకా తేలిక. ఊళ్లలో కనిపించే పాత సిమెంటు బొమ్మలు చాలావరకు లోపల ఇనుప చువ్వలు, వలతో కట్టినవి. వాటి జబ్బు చేతి వేళ్ల దగ్గర మొదలవుతుంది. అంబేడ్కర్ విగ్రహంలో చాచిన చూపుడు వేలు, గాంధీ విగ్రహంలో కర్ర పట్టుకున్న పిడికిలి. సన్నని చోట సిమెంటు పూత పలచగా ఉంటుంది. దాంట్లోంచి తేమ, సముద్రపు ఉప్పు చువ్వను చేరతాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి సిమెంటును లోపలి నుంచి పగలగొడుతుంది. ముందు వెంట్రుకంత చీలిక, తర్వాత ఎర్రటి చారిక, ఆ తర్వాత వేలు రాలి చువ్వ బయటపడుతుంది. భావనపాడు నుంచి భోగాపురం దాకా తీరం పొడవునా ఉన్న ఊళ్లకు ఇది మామూలే. ఆ ఎర్ర చారిక దశలోనే జాబితాలో నమోదైతే మరమ్మతుకు మేస్త్రీ చాలు. వేలు రాలాక మాత్రం అది పోలీసు కేసు. ఎవరో విరగ్గొట్టారని ఊరంతా టెన్షన్, ధర్నా. నిజంగా విరగ్గొట్టిన సందర్భాలూ ఉంటాయి. అందుకే పాత ఫొటో, తేదీతో సహా ఉండటం రెండు పక్షాలకూ మంచిది.

గాంధీ కళ్లజోడు గురించి కూడా ఒక మాట రాసుకోవాలి. తీగతో చేసి విడిగా తగిలించే ఆ జోడు ఏ ఊళ్లోనూ ఎక్కువ కాలం నిలవదు. చేతికర్రా అంతే. జాబితాలో 'విడి భాగాలు' అని ఒక గడి ఉంటే, ఏవి మొదటి నుంచీ లేవు, ఏవి తర్వాత పోయాయి అన్నది తేలుతుంది.

ఫైబరుకు ఉప్పు బాధ లేదు, గాలి బాధ ఉంది. లోపల డొల్ల, బరువు తక్కువ, అడుగున కొన్ని బోల్టులే దిక్కు. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 నాటి తిత్లీ లాంటి గాలులు వచ్చే చోట దిమ్మెకు విగ్రహాన్ని ఎలా బిగించారన్నది అందం కన్నా ముఖ్యమైన వివరం. తిత్లీ తర్వాత ఉద్దానంలో కొబ్బరి చెట్లకూ జీడి తోటలకూ లెక్క ఉంది, పరిహారం కోసం చెట్టు చెట్టూ రాశారు. బొమ్మలకు పరిహారం లేదు కాబట్టి ఆ అవసరం రాలేదు. రాతి విగ్రహాలకు వేరే తంటా. తూర్పు కనుమల్లో విరివిగా దొరికే ఖోండలైట్ రాయి చెక్కడానికి అనువుగా ఉంటుంది కానీ గాలికీ వానకూ పొరలు పొరలుగా అరుగుతుంది. దాని మీద ఆయిల్ పెయింటు వేస్తే తేమ లోపలే చిక్కుకుని అరుగుదల ఇంకా పెరుగుతుంది. మంచి మనసుతో చేసే పాడు పని అది.

ఎత్తు రాసేటప్పుడు దిమ్మెను విడిగా కొలవాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. విజయవాడలో 2024 జనవరిలో ఆవిష్కరించిన అంబేడ్కర్ విగ్రహం 125 అడుగులు, కింది పీఠం 81 అడుగులు. రెండూ కలిపి 206 అని కొందరు, 125 అని కొందరు రాస్తుంటారు, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మన కూడళ్లలో తొమ్మిది అడుగుల విగ్రహం, ఆరడుగుల దిమ్మె విషయంలోనూ ఇదే గందరగోళం.

శిల్పి ఎవరన్న ప్రశ్నకు ఇక్కడి జవాబు చాలాసార్లు ఊరి పేరుతో వస్తుంది. 'తెనాలి నుంచి తెప్పించాం', 'కొత్తపేట నుంచి లారీలో వచ్చింది' అని కమిటీ వాళ్లు చెబుతారు. ఆ రెండు ఊళ్లలోని శిల్పశాలలు రాష్ట్రమంతటా విగ్రహాలు పంపుతాయి. ఒకసారి మట్టి నమూనా చేసి అచ్చు తీశాక అదే అచ్చులోంచి ఎన్నో బొమ్మలు పోస్తారు. ముఖ్యంగా పార్టీ నాయకుల విగ్రహాల విషయంలో, చేయి ఊపే భంగిమ, పంచె కుచ్చిళ్లు, చిరునవ్వు అన్నీ ఒకే అచ్చువి అయి ఉంటాయి. వాటిని వేరు వేరు కళాఖండాలుగా ఎంచి పొగడటం అమాయకత్వం, ఒకటే కదా అని వదిలేయడం తప్పు. అచ్చు ఒకటే అయినా దిమ్మె వేరు, చందా ఇచ్చిన చేయి వేరు, నిలబెట్టిన గొడవ వేరు. కాబట్టి భంగిమను చిన్న సంకేతంతో రాసుకుంటూ పోతే ఏ అచ్చు ఏ సంవత్సరంలో ఏ మండలాలకు పాకిందో కొన్నాళ్లకు దానంతటదే బయటపడుతుంది. 2009 సెప్టెంబరులో రాజశేఖరరెడ్డి చనిపోయాక ఊరూరా లేచిన విగ్రహాలు ఈ రకం అధ్యయనానికి మంచి సరుకు. అవి కొద్ది కాలంలో, ఒకదాని వెంట ఒకటి లేచినవి.

పేర్లు రాయడంలో కూడా స్థానికులకు మాత్రమే తట్టే చిక్కులున్నాయి. ఒక్క శ్రీకాకుళం ప్రాంతానికే ఇద్దరు రామమూర్తులు: వ్యావహారిక భాష కోసం పోరాడి సవర భాషకు వ్యాకరణం రాసిన గిడుగు, ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకున్న మల్లయోధుడు కోడి రామమూర్తి. 'రామమూర్తి విగ్రహం, శ్రీకాకుళం' అని రాసి ఊరుకుంటే ఎవరిదో తెలియదు. అంబేడ్కర్, అంబేద్కర్ అని రెండు రకాలుగా రాస్తాం, గరిమెళ్ల, గరిమెళ్ళ అని రెండు రకాలుగా రాస్తాం. కంప్యూటర్లో వెతికితే సగమే దొరుకుతాయి. పలక మీది రాత ఒక గడిలో, అందరికీ ఒకే రకంగా ఉండే పేరు మరో గడిలో ఉంటే ఈ బాధ తీరుతుంది.

జిల్లా గడిని నమ్ముకుని లాభం లేదు. కోడి రామమూర్తి పేరు మీద స్టేడియం శ్రీకాకుళంలో ఉంది, విగ్రహం విశాఖ బీచ్ రోడ్డులో ఉంది, పుట్టిన వీరఘట్టం ఇప్పుడు పార్వతీపురం మన్యంలో ఉంది. ఆదిభట్ల నారాయణదాసు సంగీత కళాశాల నడిపింది విజయనగరంలో, పుట్టిన అజ్జాడ ఉన్న బలిజిపేట మండలం ఇప్పుడు మన్యంలో. విజయనగరం రాజుల కథలో కీలకమైన 1794 పద్మనాభ యుద్ధం జరిగిన నేల నేడు విశాఖపట్నం జిల్లా. గిడుగు జీవితంలో ఎక్కువ భాగం గడిపిన పర్లాకిమిడి 1936లోనే ఒడిశాకు పోయింది. అక్షాంశ రేఖాంశాలు రాసుకుంటే ఏ ప్రభుత్వం ఏ గీత చెరిపి కొత్తగా గీసినా జాబితా చెడదు. జిల్లా, మండలం పేర్లు 'నమోదు నాటికి' అనే తోకతో ఉండాలి.

చట్టం సంగతి. 2013 జనవరి 18న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది: రోడ్లు, ఫుట్‌పాత్‌లు, ప్రజా వినియోగ స్థలాల్లో కొత్తగా విగ్రహాలకు రాష్ట్రాలు అనుమతి ఇవ్వకూడదు. వీధి దీపాలు, ట్రాఫిక్, రోడ్ల అభివృద్ధి, సుందరీకరణ పనులకు అది వర్తించదని కూడా అందులోనే ఉంది. ఈ రెండో ముక్క ఎంత వెడల్పు తలుపో చెప్పక్కర్లేదు. జాబితా చేసేవాళ్లకు దీనివల్ల ఒక పని పెరిగింది. ఆ తేదీకి ముందు నిలబడిందా, తర్వాతా, అనుమతి కాగితం ఎవరి దగ్గర ఉంది అన్నవి రాసుకోవాలి. అలా రాస్తున్నారని తెలిస్తే ఊళ్లో అనుమానం మొదలవుతుంది. 'లెక్క రాస్తున్నారంటే తీసేయడానికే' అనుకుంటారు. అలా అనుకోవడం తప్పు కూడా కాదు, సర్వే తర్వాత కూల్చడం చూసినవాళ్లే కదా. ముఖ్యంగా దళిత వాడల్లో అంబేడ్కర్ విగ్రహం వెనక చందా పోగేసిన కష్టం, జాగా కోసం పడ్డ గొడవ ఉంటాయి. టేపు పట్టుకుని వెళ్లేవాడు ముందు పెద్దలను కూర్చోబెట్టి ఎందుకో చెప్పాలి. అనుమతి వివరాలను బయటకు పెట్టే జాబితా నుంచి తీసి విడిగా ఉంచడం వివేకం.

ఫొటోల విషయంలో మాత్రం భయం అక్కర్లేదు. బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలిపిన శిల్పాన్ని ఫొటో తీసి ప్రచురించడం కాపీరైటు ఉల్లంఘన కాదని 1957 చట్టంలోని 52వ సెక్షన్ చెబుతుంది. ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో వెళ్తే నాయకుల బొమ్మలకు ముసుగులే దొరుకుతాయి, అది వేరే సంగతి. జయంతి రోజుల్లో వెళ్తే దండల కింద మెడ, భుజాలు కనిపించవు, కానీ కమిటీ వాళ్లంతా ఒకేచోట దొరుకుతారు. రెండుసార్లు వెళ్లడమే మార్గం: మాటల కోసం జయంతి నాడు, కొలతల కోసం మామూలు రోజున.

ఈ రిజిస్టరు ఎక్కడ ఉండాలన్నదానికి పెద్ద చర్చ అక్కర్లేదు. గ్రామ, వార్డు సచివాలయంలో ఒక ప్రతి, జిల్లా గ్రంథాలయంలో ఒకటి. నింపేది డిగ్రీ కాలేజీల చరిత్ర విద్యార్థులు, ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు. వాళ్ల దగ్గర ఫోన్లు ఉన్నాయి, ఊళ్లు తెలుసు. లేనిదల్లా పలక చదివే ఓపిక, అది నేర్పితే వస్తుంది.

కూల్చేసిన వాటిని ఏం చేయాలన్నది చాలామంది జాబితాకర్తలు మరిచిపోయే అంశం. విజయనగరంలో వందేళ్లకు పైబడిన మూడు లాంతర్ల స్తంభాన్ని 2020 మేలో సుందరీకరణ పనుల పేరుతో తొలగించారు. పెద్ద గొడవైంది. రాజకీయ విమర్శలు ఎటూ వచ్చాయి. కానీ ఆ స్తంభం కొలతలు, దేంతో చేసింది, ఏ భాగం అసలుది, ఏది తర్వాత అతికించింది అనే వివరాలు జనం చేతిలో కాగితం మీద ఉండి ఉంటే వాదన ఇంకోలా నడిచేది. తిరిగి కట్టాలన్నా నమూనా కావాలి కదా. కాబట్టి పోయిన వాటి వరుసను కొట్టేయకూడదు. అదే వరుసలో 'తొలగించారు' అని, ఎప్పుడు, ఎవరి ఉత్తర్వుతో, ముక్కలు ఇప్పుడు ఏ గోడౌన్లో ఉన్నాయో రాయాలి. చోటు మార్చిన విగ్రహమైతే పాత చోటూ కొత్త చోటూ రెండూ ఉండాలి. బొమ్మను కొత్త కూడలికి జరిపేటప్పుడు పాత పలకను పారేసి కొత్తది వేయించడం మన మున్సిపాలిటీల అలవాటు, ఆ పాత పలక ఫొటో ఒక్కటైనా అప్పటికే తీసి ఉండాలి.